ఏడో తరగతికే స్మార్ట్‌ఫోనా? క్లాసు తల్లిదండ్రులం కలిసి ఆపుదామంటే స్కూలు హోంవర్కే అడ్డం పడుతోంది

పాలకొల్లు_నాన్న
మావాడు ఆరో తరగతి, జూన్ నుంచి ఏడు. "క్లాసులో అందరికీ ఫోన్ ఉంది, నాకే లేదు" అని ఇంట్లో రోజూ ఒకటే గొడవ. మొన్న స్కూలు గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని కదిపితే వాళ్లింట్లోనూ ఇదే పాట. పైగా ఒకావిడ "మీవాడికి కొన్నారట కదండీ, అందుకే మా పిల్ల పట్టుబడుతోంది" అంది. మేం కొననే లేదు! అంటే వీళ్లు ఒకళ్ల పేరు చెప్పి ఒకళ్లు మనందరి దగ్గరా బేరం పెడుతున్నారన్నమాట.

సరేనని అక్కడే నలుగురం అనుకున్నాం, ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లలకి సొంత స్మార్ట్‌ఫోన్ కొనకూడదని. ప్రిన్సిపాల్ గారిని కలిస్తే "చాలా మంచి ఆలోచనండి, మా సపోర్టు ఉంటుంది" అన్నారు. ఆ సాయంత్రమే క్లాసు వాట్సాప్ గ్రూపులో సోషల్ హోంవర్కు పడింది: ఒక పీడీఎఫ్, ఒక వీడియో లింకు, "చూసి నోట్స్ రాసి ఫొటో పెట్టండి" అని. పొద్దున బ్యాగులు వెతికి ఫోన్ దొరికితే లాక్కునేదీ వీళ్లే, సాయంత్రం ఆరు దాటాక పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టించేదీ వీళ్లే. ఇలాంటి ఒప్పందం ఎక్కడైనా నిలబడిందా? స్కూలుతో ఎలా మాట్లాడాలి?

కాకినాడ_కాజా
"అందరికీ ఉంది" అన్నది మీరు లెక్కేశారా, మీవాడు చెప్పాడా? ముందు అది తేల్చండి.

పాలకొల్లు_నాన్న
వాడు చెప్పిందే.

కాకినాడ_కాజా
అనుకున్నా.

బటన్‌ఫోన్_బాబాయి
మేం చదువుకున్న రోజుల్లో ఊరంతటికీ పోస్టాఫీసులో ఒక్క ఫోన్. బతకలేదా? కొనకండి, అయిపోయింది. దీనికి ఒప్పందాలూ సంతకాలూ ఎందుకు?

రాజోలు_కోడలు
బాబాయ్ గారూ, మీరీ మాట రాసింది దేంట్లోంచి?

బటన్‌ఫోన్_బాబాయి
మనవడి ట్యాబ్‌లోంచి. అది వేరే విషయం.

తణుకు_టీచర్
ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను, మా వైపు కూడా వినండి. తరగతి గదుల్లో ఫోన్ వద్దని మన రాష్ట్ర విద్యాశాఖ 2023 ఆగస్టులోనే ఆదేశాలిచ్చింది, పిల్లలకే కాదు, టీచర్లు కూడా ఫోన్ క్లాసులోకి తీసుకెళ్లకూడదు. కాబట్టి స్కూలు లోపల సమస్య చాలావరకు లేదు. గ్రూపు సంగతికొస్తే, అది మొదలైంది కరోనాలో. ఆన్‌లైన్ క్లాసులు పోయాయి గానీ గ్రూపు ఉండిపోయింది. మేనేజ్‌మెంటుకి అది పని జరిగిందనడానికి రుజువు. ఒక్కరోజు హోంవర్కు పెట్టకపోతే "ఇవాళ ఏం చెప్పారు, ఏమీ రాలేదే?" అని ఫోన్లు చేసేది ఎవరనుకున్నారు? మీలాంటి తల్లిదండ్రులే.

రాత్రి తొమ్మిదింటికి కూర్చుని నలభై నోట్సు ఫొటోలు జూమ్ చేసి చూడ్డం మాకూ సరదా కాదండి. చివరి పీరియడ్‌లో పది నిమిషాలిచ్చి బోర్డు మీద రాస్తే పిల్లలే డైరీలో ఎక్కించుకుంటారు. ఆ పది నిమిషాలు మాకివ్వమని మీరు మేనేజ్‌మెంటుని అడగండి. మేం అడిగితే బద్ధకం అంటారు.

పాలకొల్లు_నాన్న
@తణుకు_టీచర్ ఈ కోణం నాకు తట్టనే లేదు. ఇదే పట్టుకుని వెళ్తాను.

భీమవరం_రొయ్య
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోవైపు. మావాడు ఎనిమిది చదువుతున్నాడు, ఫోన్ ఉంది. రొయ్యల చెరువు మీద మేత లెక్క వాడే ఎక్కిస్తాడు, నాకు ఎక్సెల్ రాదు. వర్షం వచ్చేలా ఉంటే మబ్బుల మ్యాపు చూసి ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్లు) తిప్పమని నాకే చెబుతాడు. కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి ధర) పొద్దున్నే వాడే చదివి వినిపిస్తాడు. రేపు ఏ ఉద్యోగానికైనా ఇదే పని కదా. ఇప్పుడు ఆపి పద్దెనిమిదేళ్లకి ఒక్కసారి చేతిలో పెడితే అప్పుడు మాత్రం అదుపులో ఉంటాడని గ్యారంటీ ఏంటి?

హైటెక్_అమలాపురం
@భీమవరం_రొయ్య మీవాడి సంగతి బాగుంది, కానీ అందరి సంగతీ అది కాదు. పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే ఉంది కదా, 2024లో అందులో పల్లెటూళ్లలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగారు. 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువుకి సంబంధించి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. అంటే వాడటం రాక వెనకబడతారన్న భయం అక్కర్లేదు, అది ఎలాగూ వచ్చేస్తోంది. ఎవరూ నేర్పకుండానే.

మేత లెక్క చెరువు గట్టు మీద మీ ఫోన్లో ఎక్కించినా లెక్క లెక్కే. రాత్రి పదకొండింటికి ఆ ఫోన్ ఎవరి దిండు కింద ఉంటుందన్నదే ప్రశ్న.

భీమవరం_రొయ్య
దిండు కిందే ఉంటుంది, అబద్ధం చెప్పను.

డెల్టా_డాక్టర్
నేను పిల్లల డాక్టర్ని. మెదడు పాడైపోతుందంటూ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డులు నమ్మకండి. నా దగ్గరికి వచ్చే కేసులు చాలావరకు మామూలు విషయాలే, నిద్ర చాలకపోవడం, సైటు పెరగడం, అన్నం తినేటప్పుడు స్క్రీన్ లేకపోతే నోరు తెరవకపోవడం. దగ్గరి చూపు పని ఎక్కువై ఆరుబయట గడిపే టైము తగ్గిన పిల్లలకి మయోపియా, అంటే దూరంవి మసగ్గా కనపడటం, త్వరగా వస్తుంది, ఇది రుజువైన సంగతి. భారత పిల్లల వైద్యుల సంఘం చెప్పేది కూడా సూటిగానే ఉంటుంది: రెండేళ్ల లోపు స్క్రీన్ అసలు వద్దు, 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు, 5 నుంచి 10 మధ్య రెండు గంటల లోపు. స్కూలు ఇచ్చే వీడియో హోంవర్కుతోనే అందులో గంట పోతే ఇక మిగిలేదేంటి?

ఇంకోటి. ఇన్‌స్టాకైనా వాట్సాప్‌కైనా ఆ కంపెనీలు పెట్టుకున్న కనీస వయసే 13. ఆరో తరగతి పిల్లలకి పదకొండు, పన్నెండు ఉంటాయి.

కాకినాడ_కాజా
వయసుదేముంది డాక్టర్ గారూ, ఇన్‌స్టా లెక్క ప్రకారం మన పిల్లలందరూ 2000 జనవరి 1న పుట్టినవాళ్లే.

లంక_వాసి
మాది లంక ఊరు. మా అమ్మాయి రోజూ పడవ దాటి అవతల రోడ్డెక్కి ఆటోలో స్కూలుకి వెళ్తుంది. జూలై, ఆగస్టు వచ్చిందంటే ఎప్పుడు పడవ ఆపేస్తారో తెలీదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు మా వీధిలో మొల లోతు నీళ్లు. ఇప్పుడు మీరంతా కూర్చుని ఫోన్ వద్దంటే పిల్ల అవతలి రేవులో ఇరుక్కుపోతే నాకు తెలిసేదెలా? టౌన్లో ఉన్నవాళ్లకి మా బాధ తెలీదు.

పాలకొల్లు_నాన్న
@లంక_వాసి ఫోన్ వద్దనట్లేదండీ, స్మార్ట్‌ఫోన్ వద్దంటున్నాం. బటన్ ఫోన్ కొనివ్వండి.

బటన్‌ఫోన్_బాబాయి
పిలిచారా?

లంక_వాసి
బటన్ ఫోన్ అయితే ఒప్పుకుంటాను. నిజానికి ఆ వరదలో కరెంటు లేని రోజుల్లో పని చేసింది మా నాన్న బటన్ ఫోనే, స్మార్ట్‌ఫోన్లు సాయంత్రానికే ఆరిపోయాయి. కానీ స్కూల్లో దాన్నీ రానివ్వరు. ఏ ఫోనైనా ఫోనే అంటారు.

తణుకు_టీచర్
దానికి మా స్కూల్లో ఒక ఏర్పాటుంది. దూరం నుంచి వచ్చే పిల్లలు బటన్ ఫోన్ పేరు రాసిన కవర్లో పెట్టి పొద్దున ఆఫీసులో ఇస్తారు, సాయంత్రం తీసుకుంటారు. తల్లిదండ్రులు ఒక్క లెటర్ రాసిస్తే చాలు.

రాజోలు_కోడలు
నాదొక ఇబ్బంది, ఇక్కడెవరూ ఎత్తలేదు. మా ఆడపడుచు కువైట్‌లో ఉంటుంది, వాళ్ల పాప మా దగ్గరే పెరుగుతోంది. ఏడో తరగతి. ఫోన్ వాళ్లమ్మే పంపింది. తల్లీ కూతుళ్లు ముఖాలు చూసుకునేది దాంట్లోనే. మా వీధిలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, రాజోలు, సఖినేటిపల్లి, మలికిపురం వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. రేపు స్కూల్లో కాగితం పెట్టి "మా పిల్లకి స్మార్ట్‌ఫోన్ ఇవ్వం" అని సంతకం చేయమంటే నేనేం చేయాలి? చేస్తే ఆడపడుచు "నా కూతురు నాతో మాట్లాడటం నీకు ఇష్టం లేదా" అంటుంది. చేయకపోతే క్లాసులో మేమే చెడ్డవాళ్లం.

కువైట్_అమ్మ
@రాజోలు_కోడలు మీ ఆడపడుచుని కాదు గానీ నాదీ అదే కథ. మా ఊరు ముమ్మిడివరం దగ్గర. పిల్ల మా అమ్మ దగ్గరుంది. ఇక్కడ నా పని అయ్యేసరికి తొమ్మిది, అక్కడ మీకు పదకొండున్నర. అప్పుడు ఫోన్ చేస్తే పిల్ల మెలకువగా ఉంటుంది, నాకు సంతోషం. ఉదయం లేవలేక స్కూలుకి లేటవుతోందని టీచరు మా అమ్మకి చెప్పిందట, మా అమ్మ నాకు చెప్పలేదు, నేను బాధపడతానని. నాతో మాట్లాడాక ఒంటిగంట దాకా రీల్స్ చూస్తోందట. నాతో మాట్లాడేది పావుగంటే.

సంతకం నేను పెడతాను. కానీ కాగితంలో "ఫోన్ వద్దు" అని రాయకండి. ఫోన్ మా అమ్మది అని రాయండి. రాత్రి అమ్మ బీరువాలో పెట్టాలి, నేను చేసినప్పుడు తీసి పిల్లకివ్వాలి, మాట్లాడాక మళ్లీ బీరువాలోకే. ఇక్కడి మేడమ్‌ని అడిగి మధ్యాహ్నం రెండింటికి పావుగంట తీసుకుంటున్నాను ఇప్పుడు. అక్కడ నాలుగున్నర, స్కూలు నుంచి వచ్చే టైము.

రాజోలు_కోడలు
ఇది మా ఆడపడుచుకి చదివి వినిపిస్తాను. నా మాట కంటే మీ మాట ఎక్కువ వింటుంది.

డెల్టా_డాక్టర్
@కువైట్_అమ్మ మీరన్నది అక్షరాలా సరైనది. ఫోన్ ఇంటిదా, పిల్లదా అన్నదే తేడా. మేం చెప్పేది కూడా ఇంతే, కానీ మేం చెబితే ఫీజు తీసుకుంటాం.

హైటెక్_అమలాపురం
ఎక్కడైనా నిలబడిందా అని మొదట అడిగారు కదా. ఐర్లండ్‌లో గ్రేస్టోన్స్ అనే చిన్న ఊళ్లో 2023లో ఎనిమిది ప్రైమరీ స్కూళ్ల తల్లిదండ్రుల సంఘాలు కలిసి, పిల్లలు హైస్కూలుకి వెళ్లేదాకా స్మార్ట్‌ఫోన్ ఇవ్వం అని మాటనుకున్నాయి. చట్టం కాదు, జరిమానా లేదు, ఎవరిష్టం వాళ్లది. స్కూళ్లు వెనక నిలబడ్డాయి. అమెరికాలో 2017 నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది, కనీసం ఎనిమిదో తరగతి దాకా ఆగుతాం అని తల్లిదండ్రులు పేరిస్తారు, అయితే ఆ క్లాసులో పది కుటుంబాలు చేరితేనే అది అమల్లోకొస్తుంది. ఈ పది అన్న షరతు నాకు నచ్చింది. ఒక్కళ్లం కొనకపోతే మన పిల్లాడు ఒంటరివాడవుతాడు, పదిమంది కొనకపోతే వాళ్లకి వాళ్లే ఒక జట్టు.

అంత దూరం ఎందుకు, మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్‌లో 2022 ఆగస్టు నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తున్నారు. గంటన్నర సేపు ఊళ్లో ఫోన్లూ టీవీలూ బంద్. పిల్లలు చదువుకోవాలి. పంచాయతీ నిర్ణయం అది.

కాకినాడ_కాజా
మన అమలాపురంలో 2022 మే నెలాఖరులో సైరన్ లేకుండానే కొన్నాళ్లు నెట్ బంద్ పెట్టారుగా, గొడవలప్పుడు. పిల్లలు వీధుల్లో కనపడ్డారు, భలే ఉండింది.

హైటెక్_అమలాపురం
మీకు భలేగానే ఉంటుంది. నాది వర్క్ ఫ్రమ్ హోమ్, సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్ పట్టుకుని గోదావరి దాటి తిరిగాను. ఆ రోజులు గుర్తు చేయకండి.

బటన్‌ఫోన్_బాబాయి
ఆస్ట్రేలియాలో పిల్లలకి ఫోన్ ఇస్తే తల్లిదండ్రుల్ని జైల్లో పెడుతున్నారంట కదా, వాట్సాప్‌లో వచ్చింది. ఇక్కడ కూడా అలా పెడితే దారికొస్తారు.

హైటెక్_అమలాపురం
బాబాయ్, అది తప్పు. ఆస్ట్రేలియా చట్టం 2024 నవంబరులో పాసై 2025 డిసెంబరు 10న అమల్లోకొచ్చింది. 16 ఏళ్ల లోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదని. అది ఫోన్ గురించి కాదు, జైలూ లేదు. తప్పు చేస్తే జరిమానా కంపెనీకి, 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా. తల్లిదండ్రులకీ పిల్లలకీ ఏ శిక్షా లేదు. మన డేటా రక్షణ చట్టం, అంటే 2023ది, అందులోనూ 18 లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాల్సింది కంపెనీలే.

బటన్‌ఫోన్_బాబాయి
మరి వాట్సాప్‌లో అలా రాశారే.

ఇంటర్_అయిపోయింది
పెద్దవాళ్ల మధ్యలో దూరుతున్నాను, నాకు పంతొమ్మిది. మాది రావులపాలెం దగ్గర. మా ఇంట్లో ఈ "ఆపడం" జరిగింది, కానీ నాకొక్కదానికే. తమ్ముడికి ఎనిమిదో తరగతిలో కొన్నారు. నాకు ఇంటర్ అయ్యేదాకా లేదు, "ఆడపిల్లకి ఫోన్ ఎందుకు" అని. ఎంట్రన్సు అప్లికేషన్‌కి ఓటీపీ నాన్న ఫోన్‌కి వచ్చేది, నాన్న పొలంలో ఉండేవారు, నెట్ సెంటర్లో నేను కూర్చుని ఎదురుచూసేదాన్ని. బీటెక్‌లో చేరాక హాస్టల్లో ఫోన్ చేతికొచ్చింది, మొదటి సెమిస్టర్‌లో ఏం జరిగిందో చెప్పను, బ్యాక్‌లాగ్స్ చెబుతాయి.

మీరు కాగితం రాస్తే అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే తేదీ అని పెద్దక్షరాలతో రాయండి. లేకపోతే ఇది సగం ఇళ్లలో ఆడపిల్లల్ని కట్టడి చేసే సాకు అయిపోతుంది.

రాజోలు_కోడలు
వంద లైకులు కొట్టే వీలుంటే కొట్టేదాన్ని.

భీమవరం_రొయ్య
ఈ అమ్మాయి మాట నాకు తగిలింది. మా పెద్దమ్మాయికి పదో తరగతిలో కూడా కొనలేదు మేము, వీడికి ఎనిమిదిలోనే కొన్నాం. అది "చెరువు పని" అని చెప్పుకున్నాం. అయినా ఎనిమిదో తరగతి దాకా అన్న గీత ఎవరు గీశారు? పదో తరగతి పరీక్షలయ్యేదాకా అనొచ్చుగా.

తణుకు_టీచర్
పదో తరగతి అంటే ఈ ఏడు సంతకం పెట్టినవాళ్లలో సగం మంది తొమ్మిదిలోనే మాట తప్పుతారు. ఎనిమిది అయితే నిలబడుతుంది. అది నిలబడ్డాక వాళ్లే ఇంకో ఏడాది అంటారు.

కాకినాడ_కాజా
సంక్రాంతి గురించి ఎవరూ మాట్లాడరేం? హైదరాబాద్ నుంచి బావలూ మరదళ్లూ దిగుతారు, ఒక్కొక్కళ్ల చేతిలో ఒక్కో ఫోన్. మూడు రోజుల్లో మీ ఒప్పందం గాలిపటంతో పాటు ఎగిరిపోతుంది. నిరుడు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మావాడి కళ్లముందు నుంచే ప్రభ వెళ్తుంటే వాడు పక్కవాడి వీడియోలో చూస్తున్నాడు.

కువైట్_అమ్మ
పండగ మూడు రోజులు చూడనివ్వండి పాపం. తర్వాత బీరువా ఉంది కదా.

పాలకొల్లు_నాన్న
అప్‌డేట్. ఇక్కడ రాసినవన్నీ కలిపి ఒక పేజీ కాగితం తయారుచేశాం. ఎనిమిదో తరగతి పరీక్షలయ్యేదాకా పిల్లలకి సొంత స్మార్ట్‌ఫోన్ ఉండదు, అబ్బాయైనా అమ్మాయైనా ఒకటే. బటన్ ఫోన్‌కి అభ్యంతరం లేదు. విదేశాల్లో తల్లో తండ్రో ఉంటే వీడియో కాల్ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో. రాత్రి ఫోన్లు పిల్లలు పడుకునే గదిలో ఉండకూడదు, మనవి కూడా (దీని మీదే ఎక్కువ గొడవైంది, మగవాళ్ల వైపు నుంచి). పది కుటుంబాలు చేరితేనే అమలు. చేరాయి, దాటాయి కూడా. ఇప్పటికే కొన్నవాళ్లని తిట్టొద్దు, వెనక్కి తీసుకోవాలనిపిస్తే అది ఇంటి ఫోన్ అవుతుంది అని రాశాం. ఒకాయన సంతకం పెట్టి మర్నాడే వెనక్కి తగ్గాడు, పుట్టినరోజుకి మాటిచ్చేశాడట. పోనీ.

@కాకినాడ_కాజా మీ మొదటి ప్రశ్న మర్చిపోలేదు. "మీ పిల్లాడికి సొంత ఫోన్ ఉందా" అని ఒక గడి పెట్టాం. క్లాసులో నలభైమంది దాకా ఉంటే నిజంగా ఉన్నది ఏడుగురికి. "అందరికీ" అంటే ఏడుగురు!

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి ఈసారి గుంపుగా వెళ్లాం. టీచర్ గారు చెప్పినట్టు చివరి పీరియడ్‌లో డైరీకి పది నిమిషాలు అడిగాం. "మరి గ్రూపులో ఏం రాలేదని మీరే ఫోన్లు చేస్తారు" అన్నారాయన, తణుకు గారు చెప్పింది చెప్పినట్టు! చేయం అని కాగితంలో అదీ రాసిచ్చాం. వీడియో ఏదైనా చూపించాలంటే క్లాసులో ఉన్న స్మార్ట్ బోర్డు మీదే చూపిస్తారు. గ్రూపులో సెలవులూ ఫీజులూ మాత్రం వస్తాయి. అర్ధ సంవత్సర పరీక్షల దాకా చూసి, మార్కులు తగ్గితే మళ్లీ పాత పద్ధతే అని షరతు పెట్టారు.

కాకినాడ_కాజా
ఫీజుల మెసేజీలు మాత్రం ఆగవు. అది ఏ ఒప్పందానికీ లొంగదు.

తణుకు_టీచర్
మార్కుల షరతు ఒప్పుకోవాల్సింది కాదు. మార్కులు తగ్గడానికి వంద కారణాలుంటాయి, నింద డైరీ మీద పడుతుంది. వీలైతే టీచర్ల అభిప్రాయం కూడా తీసుకోవాలని చేర్పించండి. ప్రభుత్వ బడుల్లో 2024 డిసెంబరులో, మళ్లీ 2025 జూలైలో రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు కదా, అలాంటి చోట ఈ కాగితం పెడితే ఒక్కరోజులో మండలమంతా తెలుస్తుంది. మా పక్క ఊరి జెడ్పీ హైస్కూల్ హెచ్‌ఎం గారికి పంపుతున్నాను.

లంక_వాసి
బటన్ ఫోన్ కవరు పద్ధతి మా స్కూల్లోనూ ఒప్పుకున్నారు. లెటర్ తెలుగులో రాస్తే చాలట.

రాజోలు_కోడలు
మా ఆడపడుచు ఒప్పుకుంది, కొంచెం ఏడ్చింది. ఇప్పుడు ఇంకో సమస్య. పాప ఫ్రెండ్స్‌తో మాట్లాడాలంటే నా ఫోనే అడుగుతోంది, నా ఫోన్ నాకు దొరకట్లేదు. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. దానికి పాత ల్యాండ్‌లైన్ సెట్ తగిలిస్తే పని చేస్తుందా? అటక మీద ఒకటి ఉంది.

హైటెక్_అమలాపురం
చేస్తుంది. నెట్ బాక్సు వెనకాల టెల్ అనో ఫోన్ అనో రాసి ఉన్న సాకెట్ ఉంటే అందులో సెట్ వైరు పెట్టండి. మీ ప్లాన్‌లో వాయిస్ ఆన్ చేసి ఉండాలి, కేబుల్ అబ్బాయిని అడిగితే నంబర్ ఇస్తాడు. కరెంటు పోతే మాత్రం బాక్సుతో పాటు ఫోనూ పోతుంది.

బటన్‌ఫోన్_బాబాయి
నా దగ్గర వేలు పెట్టి తిప్పేది ఉంది, నల్లది. దాన్ని పెట్టొచ్చా?

హైటెక్_అమలాపురం
మోగుతుంది బాబాయ్, ఎత్తి మాట్లాడొచ్చు. తిప్పితే నంబర్ వెళ్లడం మాత్రం చాలా బాక్సుల్లో కుదరదు.

బటన్‌ఫోన్_బాబాయి
మోగితే చాలు. మనవడి ట్యాబ్ ఇచ్చేసి అది తెచ్చి హాల్లో పెడతాను. @పాలకొల్లు_నాన్న ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, ట్యాబ్ ఇచ్చేలోపు చదువుకుంటాను.